కళ్లెదుట జరిగే కథ: దిగువ కృష్ణా డెల్టాలో వర్తమాన కథనం

కథలో ఏం జరుగుతుందో చెప్పేవాడికి ముందే తెలుసు. అందుకే లోకంలో చాలా కథలు భూతకాలంలో నడుస్తాయి. జరిగిపోయినదాన్ని ఇప్పుడే జరుగుతున్నట్టు చెప్పే పద్ధతి కూడా దానితోపాటే ఉంది. ఇటీవలి తెలుగు కథల్లోనూ నవలల్లోనూ ‘వస్తాడు’, ‘చూస్తోంది’ వంటి క్రియలతో సాగే రచన బాగా కనిపిస్తోంది. ఇది ఇంగ్లిష్ నవలల నుంచి, సినిమా రాతల నుంచి వచ్చిన కొత్త అలవాటని అనుకునేవారు ఉన్నారు. బందరు (మచిలీపట్నం), గుడివాడ, దివిసీమ ప్రాంతాల కళాచరిత్ర చూస్తే ఈ పద్ధతికి ఇక్కడ కొన్ని శతాబ్దాల సాధన ఉన్నట్టు తెలుస్తుంది. కూచిపూడి భాగవతులు, పగటివేషగాళ్లు, హరిదాసులు, బుర్రకథ దళాలు కథను ప్రేక్షకుడి కళ్లెదుట జరిపించారు. ఎప్పుడు వర్తమానంలో మాట్లాడాలో, ఎప్పుడు గతంలోకి వెళ్లాలో వారికి స్పష్టమైన పద్ధతులు ఉన్నాయి. అచ్చు పుస్తకం వచ్చాక ఆ పద్ధతులు కొంతకాలం వెనకబడి, తిరిగి మరో రూపంలో వచ్చాయి.

తెలుగు క్రియ, కాలం

ఈ చరిత్ర అర్థం కావాలంటే తెలుగు క్రియ నడక కొంత తెలియాలి. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణం వర్తమాన, భూత, భవిష్యత్తులతోపాటు తద్ధర్మ అనే నాలుగో అర్థాన్ని కూడా గుర్తించింది. ఒకడి స్వభావాన్ని, అలవాటును తెలిపేది తద్ధర్మం. నేటి వాడుకభాషలో ‘వస్తాడు’ అనే ఒక్క రూపమే అలవాటుకూ రాబోయే పనికీ సరిపోతుంది. ‘రోజూ వస్తాడు’, ‘రేపు వస్తాడు’ రెండూ సరైన మాటలే. ఆధునిక భాషాశాస్త్రం దీన్ని భూతేతర రూపం అంటుంది. జరుగుతున్న పనికి ‘వస్తున్నాడు’ అనే వేరే రూపం ఉంది. కాబట్టి వర్తమానంలో కథ చెప్పదలచిన తెలుగువాడి ముందు రెండు దారులు ఉన్నాయి. ఒకటి ‘తలుపు తీస్తాడు’, రెండోది ‘తలుపు తీస్తున్నాడు’. మొదటిది పనిని మొత్తంగా చూపిస్తుంది, కథను ముందుకు నడుపుతుంది. రెండోది పని మధ్యలో నిలబెట్టి చూపిస్తుంది. సినిమా చూసి వచ్చినవాడు ఇంట్లో కథ చెప్పేటప్పుడు ‘హీరో ఊళ్లోకి వస్తాడు, అక్కడ ఈ అమ్మాయిని చూస్తాడు’ అంటాడు. ఎవరూ నేర్పకుండానే మొదటి దారిని పట్టుకుంటాడు.

మూడో సాధనం కూడా ఉంది. తెలుగులో క్రియ లేకుండానే వాక్యం పూర్తవుతుంది. ‘ఆమె సత్యభామ. సత్రాజిత్తు కూతురు’ అన్నప్పుడు అందులో కాలసూచనే లేదు. అది ఏ కాలానికైనా సరిపోతుంది, వినేవాడికి మాత్రం ఇప్పటి మాటగానే తోస్తుంది. రంగస్థలం ఈ వాక్యాన్ని విస్తారంగా వాడుకుంది.

ఇంకో విశేషం, భూతకాల రూపమే వర్తమానాన్ని చెప్పడం. దూరంలో బస్సు కనిపించగానే ‘అదుగో, బస్సు వచ్చింది’ అంటారు. అది ఇంకా ఆగలేదు. అయినా కళ్లబడింది కనుక రావడం పూర్తయినట్టే లెక్క. యక్షగానాల్లో పాత్రల రాకను తెలిపే ‘వెడలె’, ‘వచ్చె’ వంటి క్రియలు ఇలాంటివే. రూపం గతానిది, సూచన మాత్రం ఇప్పుడు తెర వెనక నుంచి బయటికి వస్తున్న పాత్రది. అందువల్ల క్రియ చివరి ప్రత్యయాన్ని మాత్రమే చూసి ఒక కథనం ఏ కాలంలో ఉందో తేల్చలేం. చెప్పేవాడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడో కూడా చూడాలి.

ఆ నిలబడే చోటును తెలుగు మరో చిన్న ప్రత్యయంతో చూపిస్తుంది. ఇళ్లలో పిల్లలకు చెప్పే కథల్లో ‘రాజు వేటకు వెళ్లాడట’, ‘పులి ఎదురైందట’ అంటారు. చివరి ‘ట’ చెప్పేవాడు దాన్ని చూడలేదని, విని చెబుతున్నాడని తెలుపుతుంది. ఆటగాడు ఈ ‘ట’ను వదిలేస్తాడు. అది తీసేసిన క్షణం నుంచి అతడు విన్నవాడిగా కాక చూసినవాడిగా, చూపించేవాడిగా మారతాడు. దిగువ డెల్టాలో కథా ప్రదర్శన చరిత్ర అంతా ఈ మార్పు చుట్టూ తిరుగుతుంది.

సంస్కృత సంప్రదాయంలోనూ ఇందుకు ఆధారం ఉంది. పాణిని ‘స్మ’ అనే అవ్యయం తోడైతే వర్తమాన క్రియారూపాన్ని గతానికి వాడవచ్చని సూత్రీకరించాడు. సంస్కృత నాటకాల్లో పాత్ర రాకను తెలిపే సూచన ‘ప్రవిశతి’ అని వర్తమానంలోనే ఉంటుంది. తెలుగు నాటకకర్తలు దాన్ని ‘ప్రవేశించును’ అని తద్ధర్మంలో రాశారు. నాటకం ఎన్నిసార్లు ఆడినా ఆ పాత్ర అక్కడ ప్రవేశిస్తుంది కనుక ఆ రూపం చక్కగా కుదిరింది.

కూచిపూడి ఆట

పాత దివి తాలూకాలోని కూచిపూడి గ్రామం బందరుకు దగ్గరలోనే ఉంది. నేడు ఇది కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా 1678లో మచిలీపట్నం పర్యటనకు వచ్చినప్పుడు ఇక్కడి భాగవతుల ఆట చూసి, గ్రామాన్ని వారికి అగ్రహారంగా ఇచ్చాడని చెబుతారు. వేదాంతం, వెంపటి, చింతా, భాగవతుల, పసుమర్తి వంటి ఇంటిపేర్ల కుటుంబాలు తరతరాలుగా ఈ విద్యను సాగించాయి. భామాకలాపాన్ని కూర్చి ఈ సంప్రదాయానికి రూపం ఇచ్చినవాడు సిద్ధేంద్రయోగి అని నమ్మకం. ఈ కుటుంబాల్లో పుట్టిన మగవాడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలన్న నియమం ఆయన పెట్టిందే అంటారు.

ఈ భాగవతులకు సంబంధించిన పాత ప్రస్తావనల్లో మాచుపల్లె కైఫీయత్తు ప్రసిద్ధమైనది. కాలిన్ మెకంజీ చొరవతో సేకరించిన స్థానిక చరిత్రల్లో ఇదొకటి. సిద్ధవటం పాలకుడు సమ్మెట గురవరాజు ప్రజలను, ముఖ్యంగా స్త్రీలను, డబ్బు కోసం హింసిస్తున్నాడు. ఆ సంగతిని కూచిపూడి భాగవతులు విజయనగర ప్రభువు వీరనరసింహరాయల ఎదుట ఆటగా ఆడి చూపించారని, రాయలు విషయం గ్రహించి గురవరాజును శిక్షించాడని కైఫీయత్తు చెబుతుంది. ఈ కథలో గమనించవలసింది వారు ఎంచుకున్న పద్ధతి. ఫిర్యాదుగా విన్నవిస్తే అది ‘ఇలా చేశాడు’ అన్న గతమై మిగిలేది. వారు దాన్ని సభ మధ్యలో మళ్లీ జరిపించారు. రాజు ఆ హింసకు శ్రోతగా కాక సాక్షిగా మారవలసి వచ్చింది. వర్తమాన కథనానికి ఉన్న బలం ఏమిటో తెలుగువారి జ్ఞాపకంలో ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ లేదు.

కూచిపూడి ఆట పూర్వం ఆరుబయట, రాత్రంతా జరిగేది. కాగడాల వెలుగులో ఇద్దరు మనుషులు తెర పట్టుకునేవారు. పాత్ర వచ్చే సమయానికి మంటలో గుగ్గిలం పొడి చల్లితే ఒక్కసారి వెలుగు లేచేది. సత్యభామ తెర వెనక నుంచి తన జడను తెర మీదికి వేసి తన విద్యకు సవాలు విసిరేది. తర్వాత ప్రవేశ దరువు. ఇందులో పాత్ర తనను తానే పరిచయం చేసుకుంటుంది. తాను ఎవరో, ఎవరి కూతురో, ఎవరి భార్యో, ఎంత అందగత్తెనో తానే చెబుతుంది. ఈ పరిచయంలో క్రియలేని వాక్యాలదే రాజ్యం. ‘నేను ఫలానా’ అన్న మాటకు కాలం అంటదు. పురాణకాలపు సత్యభామ ఆ మాటతో ఆ రాత్రి ఆ ఊరి వీధిలోకి వచ్చేస్తుంది.

ఆ వెంటనే సూత్రధారుడి పని మొదలవుతుంది. అతడే సత్యభామ చెలికత్తె మాధవిగా మారతాడు. కృష్ణుడి దగ్గర ఉన్నప్పుడు మాధవుడవుతాడు. పైబట్ట సవరించుకోవడంతోనే ఆ మార్పు జరిగిపోతుంది. మాధవి ప్రశ్నలు వేస్తుంది, సత్యభామ జవాబు చెబుతుంది. భర్త పేరు చెప్పమంటే ఇల్లాలికి సిగ్గు. పేరు పలకకుండా సూచించాలి. ఆ సిగ్గు, ఆ తడబాటు, ఆ గడుసుదనం అంతా అప్పటికప్పుడు ప్రేక్షకుల ముందు పుట్టినట్టే ఉంటుంది.

అయితే భామాకలాపం ఇతివృత్తంలో ముఖ్యమైన సంఘటన ఈ సంభాషణకు ముందే జరిగిపోయింది. కృష్ణుడూ సత్యభామా అద్దం చూసుకుంటూ ఇద్దరిలో ఎవరు అందగాళ్లన్న మాట దగ్గర పంతానికి పోయారు. కృష్ణుడు వెళ్లిపోయాడు. ఇదంతా సత్యభామ మాధవికి చెప్పుకునే గతం. ఆట మొదలయ్యేటప్పటికి ఆమె విరహంలో ఉంది. అంటే రంగం మీద ఉన్నది వర్తమానం, దాని లోపల పొదిగినది భూతం. గొడవను నేరుగా ఆడి చూపించే అవకాశం ఉన్నా ఈ సంప్రదాయం దాన్ని జ్ఞాపకంగా మలిచింది. ప్రేక్షకుడికి అక్కడ కావలసింది గొడవ వివరాలు కాదు, వాటిని చెబుతున్నప్పుడు ఆమె ముఖంలో ఏం జరుగుతోందన్నది. తర్వాత ఆమె ఉత్తరం రాస్తుంది. ఆ ఉత్తరం మాధవి చేతికి వెళ్తుంది, కథ భవిష్యత్తు వైపు తిరుగుతుంది. మూడు కాలాలూ ఒక స్త్రీ గొంతులో ఒక రాత్రిలో ఇమిడిపోతాయి.

యక్షగాన పద్ధతిలో ఈ పని విభజన మరింత స్పష్టంగా ఉంటుంది. పాత్రలు పాడే దరువులు, మాట్లాడే సంవాదాలు వర్తమానంలో ఉంటాయి. ఒక ఘట్టానికీ మరో ఘట్టానికీ మధ్య వచ్చే సంధి వచనాలు సూత్రధారుడివి. ‘అంతట ఫలానావాడు ఇలా చేసెను’ అంటూ అవి గతంలో నడుస్తాయి. ప్రయాణాలు, యుద్ధాలు, ఏళ్ల కాలం ఈ సంధి వచనాల్లో నాలుగు మాటల్లో దాటిపోతాయి. మనసు విప్పే చోట మాత్రం దరువు వస్తుంది, కాలం నెమ్మదిస్తుంది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ దాటాలో నిర్ణయించేది క్రియారూపమే.

ఈ ఊరివాళ్లే పగటివేషాలూ కట్టారు. అర్ధనారీశ్వర వేషం వాటిలో పేరున్నది. పగటివేషానికి తెర లేదు, సూత్రధారుడు లేడు, సంధి వచనం లేదు. వేషం నేరుగా వీధిలోకి, ఇంటి గుమ్మం దాకా వస్తుంది. ఎదురుగా ఉన్న మనిషితో ఆ పాత్రగానే మాట్లాడుతుంది. ఇక్కడ గతమనేదే లేదు. వర్తమాన కథనాన్ని దాని చివరి అంచు దాకా తీసుకుపోయిన రూపం ఇది. దానికి నిడివి తక్కువ కావడం సహజం. గతం చెప్పే వీలు లేని కథ ఎక్కువసేపు సాగదు.

ఇరవయ్యో శతాబ్దిలో ఈ కళ వేదిక మీదికి వెళ్లింది. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఏకపాత్ర నృత్యాన్ని పెంపొందించారు. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించి దాన్ని లోకమంతా తెలిసేలా చేశారు. వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ పాత్రకు పర్యాయమయ్యారు. ఈ మార్పులో నాట్యం ఎంతో ఎత్తుకు చేరింది. అయితే పాత్రధారి తానే పాడుతూ మాట్లాడుతూ ఆడే వాచికాభినయం తగ్గింది. గొంతు వేదిక పక్కన కూర్చున్న గాయకుడికి చేరింది. మాటకూ మాటకూ మధ్య అప్పటికప్పుడు పుట్టే వర్తమానం పాత ఆటలో ఉన్నంతగా మిగలలేదు.

పదం, శతకం

కూచిపూడి పక్కనే ఉన్న మొవ్వను పదకర్త క్షేత్రయ్య స్వగ్రామంగా సంప్రదాయం చెబుతుంది. మువ్వగోపాలుడి ముద్రతో ఉన్న ఆయన పదాలు పదిహేడో శతాబ్దివి. పదంలో కథకుడు ఉండడు. నాయిక చెలికత్తెతోనో, నాయకుడితోనో మాట్లాడుతూ ఉంటుంది. జరిగిన కథ ఆమె మాటల్లో నుంచి ఊహించుకోవలసిందే. సంఘటన గతంలో, ఉద్వేగం వర్తమానంలో ఉండే ఈ అమరిక భామాకలాపంలోనిదే. ఒక పెద్ద కథను ఒక్క క్షణపు సంభాషణలో కుదించే ఈ నేర్పు చిన్నకథకు బాగా దగ్గరది.

దివి ప్రాంతానికే చెందిన కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయక శతకం శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువును ఎదురుగా నిలబెట్టి నిలదీస్తుంది. కృష్ణాతీరంలోని ఈ శ్రీకాకుళం ఘంటసాల దగ్గరిది. శతకం కథ కాకపోయినా, పురాణాల్లోని పాత సంగతులను దేవుడి ముఖం మీదే ఎత్తిచూపే దాని నిందాస్తుతి ఈ సీమ మాటతీరుకు మంచి సాక్ష్యం.

హరికథ, బుర్రకథ

హరికథలో ఒక్కడే మనిషి అన్ని కాలాలనూ మోస్తాడు. దాసు వచనంలో కథ చెబుతున్నప్పుడు భూతకాలం వాడతాడు. పాత్ర నోట మాట రాగానే గొంతు, ముఖం, నిలబడే తీరు మార్చి ఆ పాత్ర అయిపోతాడు. మధ్యలో పిట్టకథ చెప్పి, సభలో ఉన్నవారిని ఉద్దేశించి రెండు మాటలు అని, మళ్లీ కథలోకి వెళ్తాడు. కథాకాలం, సభాకాలం అనే రెండు వర్తమానాలు అతడి దగ్గర పక్కపక్కనే ఉంటాయి.

బుర్రకథ ఈ రెండు వర్తమానాలను ముగ్గురు మనుషులకు పంచింది. జంగం కథ నుంచి ఎదిగిన ఈ రూపంలో ప్రధాన కథకుడు తంబురా, అందెలతో కథ నడుపుతాడు. గుమ్మెటలు వాయించే వంతలిద్దరిలో ఒకరు హాస్యం చెబుతారు, మరొకరు రాజకీయం చెబుతారు. కథకుడు పూర్వకాలపు అన్యాయం గురించి చెబుతుంటే, రాజకీయం చెప్పే వంత దాన్ని ఈనాటి ధరలకూ పన్నులకూ పాలకులకూ ముడిపెడతాడు. హాస్యగాడు వినేవాడి సందేహాలను తానే అడుగుతాడు. భామాకలాపంలో మాధవి చేసే పని ఇక్కడ వంతలకు వచ్చింది.

1943లో ప్రజానాట్యమండలి ఏర్పడ్డాక కృష్ణా, గుంటూరు జిల్లాల పల్లెల్లో బుర్రకథ కొత్త ఊపు అందుకుంది. గుంటూరు జిల్లా పొన్నెకల్లుకు చెందిన షేక్ నాజర్ ఈ రూపానికి తిరుగులేని కళాకారుడు. కృష్ణా జిల్లా ఈడుపుగల్లులో పుట్టిన సుంకర సత్యనారాయణ బుర్రకథలు రాశారు. ఆయన, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి రాసిన ‘మా భూమి’ నాటకం 1947లో ప్రదర్శనకు వచ్చింది. అప్పటికి ఆ నాటకానికి వస్తువైన తెలంగాణ రైతాంగ పోరాటం సాగుతూనే ఉంది. నాటకంలో జరిగేది, బయట జరిగేది ఒకే కాలానికి చెందినవి. ప్రేక్షకులు ఇంటికి వెళ్లాక కూడా ఆ కథ ముగియలేదు. మద్రాసు ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. గురవరాజు కథను రాయల ముందు ఆడిన పద్ధతి నాలుగు శతాబ్దాల తర్వాత ఈ రూపంలో కనిపించింది. ఈసారి కథ పాలకుడికి కాక ప్రజలకు చేరింది.

బందరు: బడి, పత్రిక, నవల

పంతొమ్మిదో శతాబ్ది చివరికి బందరు చదువులకు కేంద్రం. నోబుల్ కళాశాల, హిందూ హైస్కూలు అప్పటికే ఉన్నాయి. 1902లో కృష్ణాపత్రిక ఇక్కడ పుట్టింది. ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో అది తెలుగువారి ఆలోచనను దశాబ్దాల పాటు తీర్చిదిద్దింది. 1910లో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. తిరుపతి వేంకటకవులనే జంటకవుల్లో ఒకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి హిందూ హైస్కూల్లో తెలుగు పండితులుగా పనిచేశారు. ఈ జంటకవుల పాండవోద్యోగ విజయ నాటకాలు డెల్టా పల్లెల్లో పామరుల నోళ్లలోనూ నిలిచాయి. రాయబారం ఘట్టంలో కృష్ణుడు జరిగిన అన్యాయాలన్నీ పద్యాల్లో ఏకరువు పెడుతుంటే, జరగబోయే యుద్ధం సభలోనే మొదలైనట్టు ప్రేక్షకుడు ఉలిక్కిపడతాడు. గతమంతా ఇప్పటి వాదనకు సాక్ష్యంగా మారే పద్ధతి ఇది.

అచ్చులో వెలువడిన వచన కథ మాత్రం వేరే దారి పట్టింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ నుంచి తెలుగు నవల గ్రాంథిక భూతకాలంలో నడిచింది. ‘వచ్చెను’, ‘పోయెను’ అన్న క్రియలు చరిత్ర రచనకు, పురాణ వచనానికి అలవాటైనవి. వాటితో కథ నడిపితే కథకుడికి పెద్దరికం, నమ్మకం దక్కేవి. గ్రాంథికంలో జరుగుతున్న పనిని చెప్పాలంటే ‘వచ్చుచున్నాడు’, ‘చూచుచున్నది’ అని సాగదీయాలి. పేజీల కొద్దీ ఆ క్రియలతో చదవడం కష్టం. గిడుగు రామమూర్తి నడిపిన వ్యావహారిక భాషోద్యమం తర్వాతే ‘వస్తున్నాడు’, ‘చూస్తోంది’, ‘వస్తాడు’ వంటి పొట్టి రూపాలు వచనంలోకి హక్కుగా వచ్చాయి. తెలుగు గద్యంలో వర్తమాన కథనానికి తలుపు తెరిచింది వాడుకభాషే. ఇంగ్లిష్ నవలల ప్రభావం దాని తర్వాతి సంగతి.

విశ్వనాథ సత్యనారాయణ 1895లో నందమూరులో పుట్టి, బందరులో చదివి, చెళ్లపిళ్లకు శిష్యుడై, జాతీయ కళాశాలలో పాఠం చెప్పారు. 1934 నాటి ‘వేయిపడగలు’ను ఆయన 29 రోజుల్లో ఆశువుగా చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశారని ప్రసిద్ధి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీలో ఆ నవలా, అడివి బాపిరాజు ‘నారాయణరావు’ నవలా బహుమతిని పంచుకున్నాయి. బాపిరాజు ఆ తర్వాత ఇదే జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్‌గా వచ్చారు. నోటితో చెప్పిన నవల కావడం వల్ల ‘వేయిపడగలు’లో కథకుడి గొంతు బలంగా వినిపిస్తుంది. కథ ఆపి చర్చలోకి దిగడం, పాఠకుడితో నేరుగా వాదించినట్టు మాట్లాడటం హరికథలోని సభాకాలాన్ని గుర్తు చేస్తాయి.

గుడివాడ సీమ: మనసు, తెర

గుడివాడ దగ్గరి అంగలూరు త్రిపురనేని రామస్వామిచౌదరి ఊరు. ఆయన కుమారుడు గోపీచంద్ 1910లో అక్కడే పుట్టారు. ఆయన ‘అసమర్థుని జీవయాత్ర’ తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవలగా పేరు పొందింది. కథ మనిషి లోపలికి వెళ్లినప్పుడు కాలం సమస్యగా మారుతుంది. బయటి సంఘటన గతంలో చెప్పవచ్చు. మనసులో మెదిలే మాట మాత్రం మెదిలేటప్పుడే వినిపించాలి. ‘నేను తప్పు చేశానా?’ అని పాత్ర తనను తాను అడుక్కున్నప్పుడు ఆ ప్రశ్న అప్పటికప్పటిదే. తెలుగు వచనంలో వర్తమానం మొదట చోటు సంపాదించింది ఇలాంటి అంతరంగ భాషణలోనే. ఆ దారి 1969లో నవీన్ ‘అంపశయ్య’ దగ్గర విశాలమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థి రవి ఒక్కరోజు గడిపిన తీరును చైతన్యస్రవంతి పద్ధతిలో చెప్పిన నవల అది.

గోపీచంద్ సినిమాకూ రాశారు. 1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ ఈ సీమ ప్రతిభ కలిసిన చోటు. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం విశ్వనాథవారి నందమూరులోనే పుట్టినవారు. మాటలు గోపీచంద్‌వి. అందులో దశావతార నృత్యం చేసిన వేదాంతం రాఘవయ్య కూచిపూడివారు. ఆయనే తర్వాత ‘దేవదాసు’, ‘సువర్ణసుందరి’ చిత్రాలకు దర్శకులయ్యారు. జమీందారీని ఎదిరించిన ‘రైతుబిడ్డ’ నిషేధాన్ని ఎదుర్కొంది. తెలుగు సినిమాకు ఆద్యుడిగా గౌరవం పొందిన రఘుపతి వెంకయ్య మచిలీపట్నంలో పుట్టారు. అక్కినేని నాగేశ్వరరావు గుడివాడ దగ్గరి రామాపురం నుంచి, నందమూరి తారకరామారావు నిమ్మకూరు నుంచి వచ్చారు. నాగేశ్వరరావు నాటకాల్లో స్త్రీపాత్రలతో పేరు తెచ్చుకున్నాకే సినిమాకు వెళ్లారు. కూచిపూడి సత్యభామ వేషధారులు నడిచిన దారే అది.

సినిమా కోసం రాసే కథకు ‘వస్తాడు’ అన్న రూపం స్థిరపడింది. తెర మీద గతం కూడా కళ్లెదుటే జరుగుతుంది కనుక రాతలో వేరే రూపానికి అవసరం లేదు. నాటకంలోని ‘ప్రవేశించును’ వాడుకభాషలో ‘ప్రవేశిస్తాడు’ అయింది. పాఠకులూ ప్రేక్షకులూ ఈ రూపానికి అలవాటు పడటంతో కథా రచయితలు దాన్ని నిస్సంకోచంగా వాడటం మొదలుపెట్టారు.

నేటి కథకు అందే పాఠం

ఇతర భాషల్లోనూ ఈ పద్ధతికి పాత చరిత్ర ఉంది. చార్లెస్ డికెన్స్ 1852, 1853 సంవత్సరాల్లో వెలువరించిన ‘బ్లీక్ హౌస్’లో సగం కథను వర్తమానంలో, మిగతాది ఒక పాత్ర నోట భూతకాలంలో చెప్పాడు. జాన్ అప్‌డైక్ వర్తమానంలో నడిపిన ‘రాబిట్, రన్’ 1960లో వచ్చింది. హిలరీ మాంటెల్ పదహారో శతాబ్ది ఇంగ్లండు కథను 2009లో ‘వుల్ఫ్ హాల్’ నవలగా వర్తమానంలో రాసి బుకర్ బహుమతి పొందింది. ఆ మరుసటి ఏడాది, ఇంగ్లిష్ నవలల్లో ఈ ధోరణి మితిమీరుతోందని ఫిలిప్ పుల్మన్ వంటి రచయితలు అభ్యంతరం చెప్పారు. అంతా ఇప్పుడే జరుగుతున్నట్టు చెబితే కథకు వెనకా ముందూ తెలియదని, చెప్పేవాడి వివేచనకు చోటు తగ్గుతుందని వారి వాదన.

ఆ అభ్యంతరానికి దిగువ డెల్టా ఆటగాళ్ల ఆచరణలో జవాబు ఉంది. నిడివి తక్కువైన పగటివేషాన్ని మినహాయిస్తే, వారు వర్తమానాన్ని ఒంటరిగా వాడలేదు. దరువు పక్కన సంధి వచనం ఉంది. సత్యభామ విరహం పక్కన ఆమె చెప్పుకునే గొడవ ఉంది. బుర్రకథ వీరుడి పక్కన వంతలు ఉన్నారు. వర్తమానం మనసు విప్పే చోట, సాక్ష్యం కావలసిన చోట వచ్చింది. కాలం దాటవలసిన చోట భూతకాలం పని అందుకుంది.

తెలుగు రచయితకు దీనిలోని మెలకువలు చేతికి అందుబాటులోనే ఉన్నాయి. ప్రతి వాక్యం ‘తున్నాడు’తో ముగిస్తే చెవికి విసుగు పుడుతుంది. ‘తూ’, ‘గానే’ వంటి అసమాపక రూపాలతో వాక్యాన్ని నడిపి, స్థలవర్ణనకూ పరిచయానికీ క్రియలేని వాక్యం వాడితే ఆ విసుగు ఉండదు. ‘వస్తాడు’ అన్న రూపం అలవాటుగానో, భవిష్యత్తుగానో ధ్వనించే ప్రమాదం ఉన్నచోట సందర్భాన్ని ముందే స్థిరపరచాలి. పాత్ర జ్ఞాపకంలోకి వెళ్లినప్పుడు భూతకాలానికి మారడానికి సంకోచించనవసరం లేదు. పదేళ్ల కథను వర్తమానంలో లాగడం కంటే ఒక్క వాక్యం సంధి వచనం మేలు.

ఏడాది పొడవునా సాగే వ్యవసాయం గురించో, వంశాల చరిత్ర గురించో రాసే నవలకు భూతకాలమే బలం. ఒక రాత్రి, ఒక గుమ్మం, ఒక తగువు చుట్టూ అల్లిన కథకు వర్తమానం ప్రాణం పోస్తుంది. కథ ఏ కాలంలో చెప్పాలన్నది ఫ్యాషన్‌ను బట్టి తేల్చే విషయం కాదు. పాఠకుడు ఆ సంఘటనకు శ్రోతగా ఉండాలా, సాక్షిగా ఉండాలా అన్న ప్రశ్నకు రచయిత ఇచ్చే జవాబును బట్టి అది తేలాలి. ఈ ప్రశ్నను కూచిపూడి భాగవతులు నవల పుట్టక ముందే వేసుకుని, తమ ఆటలోనే జవాబు చెప్పారు. తెలుగులో వర్తమాన కథనం నేర్చుకోదలచినవారు పరభాషా నవలలతోపాటు భామాకలాపాన్ని, యక్షగానాలను, బుర్రకథను కూడా పాఠ్యంగా చదవాలి, వీలైతే ఆట చూడాలి.